నిద్ర కావాలనిపించడం అవిశ్వాసమా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దన్నారు. వయసు 39. పలాసలో ఒక జీడిపప్పు పరిశ్రమలో పప్పు గ్రేడింగ్ చేస్తారు. భర్తకు చిన్న కొబ్బరితోట ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ చెట్లను కూల్చేశాక ఆయన కూలి పనులకు వెళ్లారు. కొంతకాలానికి కిడ్నీలు పాడయ్యాయని తేలింది. రెండేళ్లుగా సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్. ఆ రోజుల్లో ఆమె ఆయనను ఆటోలో కేంద్రానికి తీసుకెళ్లి, మంచం మీద పడుకోబెట్టి, పరుగున పనిలోకి వెళ్లి, మళ్లీ వచ్చి ఇంటికి తీసుకెళ్తారు. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం, కూతురు తొమ్మిదో తరగతి. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు.

ఆమె పుట్టింటివారు టెక్కలి వైపు మూడు తరాలుగా క్రైస్తవులు. పెళ్లయ్యాక భర్త, అత్తగారు కూడా బాప్తిస్మం తీసుకున్నారు. ఊళ్లోని చిన్న మందిరంలో స్త్రీల సమాజం బాధ్యత ఈమెదే. శుక్రవారం ఉపవాస ప్రార్థన నడిపేది ఈమే. అంటే డయాలసిస్ ఉన్న రోజే ఏమీ తినకుండా తిరిగి, సాయంత్రం కూడిక నడిపించాలి. నెలకొకసారి రాత్రంతా జరిగే ప్రార్థన ఉండనే ఉంది. మొన్న ఆ ప్రార్థనలో కూర్చున్నచోటే నిద్రపోయారట. పక్కనున్నామె తట్టి లేపి, "ఒక్క గడియయైనను నాతో కూడ మేల్కొని యుండలేరా?" అన్న వాక్యం అందరి ముందూ చదివింది.

అంతకన్నా పెద్ద గాయం నిరుడు జరిగిన స్వస్థత కూటాల్లో తగిలింది. బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఈమె భర్త తలమీద చెయ్యి పెట్టి, ఈ ఇంట్లో ఎవరిలోనో అవిశ్వాసం ఉందని, సూదిని నమ్ముకున్నవారికి దేవుని చెయ్యి ఎలా కనిపిస్తుందని అన్నాడు. ఆమె చెవి కమ్మలు తాకట్టు పెట్టి 5,000 రూపాయలు కానుక ఇచ్చారు. ఆ వారం భర్త డయాలసిస్ మానేశారు. మూడో రాత్రికి పడుకోలేక, ఊపిరందక ఆయన తల్లడిల్లుతుంటే ఆమె 108కి ఫోను చేశారు. అత్తగారు అడ్డుపడ్డారు. అయినా తీసుకెళ్లారు, ప్రాణం దక్కింది. వాళ్ల పాస్టరు గారు ఆ రాత్రి ఆసుపత్రికి వచ్చి తెల్లవార్లూ వరండాలో ఉన్నారు. కాని ఆ ప్రసంగీకుణ్ణి పిలిచింది ఆయనే. ఆ మాటల గురించి ఇప్పటిదాకా ఆయన నోరు విప్పలేదు.

"అప్పటి నుంచి నేను ప్రార్థన చేయలేకపోతున్నాను. బైబిలు తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి, అర్థం కాదు. ఆదివారం అందరితో కలిసి పాడతాను, లోపల ఏమీ ఉండదు. మా ఆయన, 'నా కోసం స్వస్థత అడగడం ఆపు, ప్రశాంతంగా పోవాలని అడుగు' అంటున్నారు. మా అబ్బాయి, 'మందులకు డబ్బులు లేనప్పుడు మందిరానికి దశమభాగం ఎందుకమ్మా' అంటున్నాడు. నాకు ఇప్పుడు స్వస్థత కూడా గుర్తుకు రావడం లేదు. ఒక్క రాత్రి పూర్తిగా నిద్రపోతే చాలనిపిస్తోంది. ఇలా అనిపించడం పాపమా? నా విశ్వాసం చచ్చిపోయిందా? ఈ సంఘం వదిలేయాలా?" అని అడిగారు.

సమాధానం

చెల్లెమ్మా, మీ ప్రశ్నల్లో మొదటిదానికి వెంటనే జవాబు చెప్పాలి. పాపం కాదు. మీకు నిద్ర కావాలి. రెండేళ్లుగా ఒక మనిషి చేయగలిగినదానికి మించి చేస్తున్నారు, మీ ఒళ్లు ఆ సంగతి చెబుతోంది. దాన్ని దేవుని మీద తిరుగుబాటుగా లెక్కపెట్టుకోవద్దు.

మిగిలిన ప్రశ్నలకు వెళ్లే ముందు ఒక్క విషయంలో మాత్రం నేను మీకు రెండు దారులు చూపించను. ఎవరు చెప్పినా, ఏ వేదిక మీద నుంచి చెప్పినా, ఒక్క డయాలసిస్ కూడా మానకండి. కిడ్నీలు పనిచేయనప్పుడు ఒంట్లోని నీరు బయటికి పోదు, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఆ రాత్రి ఆయన పడుకోలేకపోవడానికి కారణం బహుశా అదే. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు, దానికి ముందస్తు హెచ్చరిక కూడా ఉండకపోవచ్చు. వారానికి మూడుసార్లు, సుమారు నాలుగు గంటల చొప్పున ఆ యంత్రం చేసేది ఈ రెండింటినీ అదుపులో ఉంచే పని. మన ఊళ్లలో ప్రేమతో జరిగే ఒక పొరపాటు కూడా చెప్పాలి. రోగిని చూడడానికి వచ్చేవాళ్లు కొబ్బరి బొండాలు తెస్తారు, ఉపవాసం విడిచాక ప్రసాదంలా అందరికీ బొండం నీళ్లే ఇస్తారు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ మీద ఉన్న మనిషికి అవి ప్రమాదం. అరటిపండు సంగతీ అంతే. ఆయనకు రోజుకు ఎన్ని నీళ్లు, ఏ పండు ఎంత అన్నది డయాలసిస్ కేంద్రంలోని డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకుని, అత్తగారికి కూడా కనిపించేలా వంటింట్లో అంటించండి.

ఇప్పుడు ఆ ప్రసంగీకుడి మాట. "ఈ ఇంట్లో అవిశ్వాసం" అన్న మాట మీలో ముల్లులా దిగిపోయిందని ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది. ఆ మాటను మీ ఊళ్లోనే పరీక్షకు పెట్టండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో ఈ కిడ్నీ జబ్బు లేని వీధి వెతకాలి. గుడికి వెళ్లేవాళ్లకూ వచ్చింది, మందిరానికి వెళ్లేవాళ్లకూ వచ్చింది, ఎక్కడికీ వెళ్లనివాళ్లకూ వచ్చింది. ఏళ్ల తరబడి శాస్త్రవేత్తలు నీళ్లు, మట్టి, ఎండలో పని, మందుల వాడకం అన్నీ పరిశీలిస్తున్నా ఇదే కారణమని ఒక్కదాన్ని తేల్చి చెప్పలేకపోయారు. అంతమంది తేల్చలేనిదాన్ని ఒక మనిషి వేదిక మీద నిలబడి అరనిమిషంలో మీ గుండెలో ఉందని తేల్చేశాడు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు అడిగింది కూడా ఇదే కదా. ఈ మనిషి గుడ్డివాడిగా పుట్టడానికి ఎవరు పాపం చేశారు, వీడా, వీడి తల్లిదండ్రులా? యేసు ప్రభువు ఇద్దరినీ కాదన్నాడు. శిష్యుల ప్రశ్నే ఆయన దగ్గర నిలవలేదు.

పౌలు సంగతి కూడా చూడండి. ఆయన చేతుల మీదుగా ఎందరో బాగుపడ్డారని అపొస్తలుల కార్యాలు చెబుతుంది. అదే పౌలు తన చివరి ఉత్తరంలో, తన సహచరుడు త్రోఫిముకు జబ్బు చేసినందువల్ల అతణ్ణి మిలేతులో విడిచి వచ్చానని ఒక్క వాక్యం రాశాడు. త్రోఫిముకు విశ్వాసం చాలలేదని రాయలేదు. తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని తాను మూడుసార్లు వేడుకుంటే, "నా కృప నీకు చాలును" అన్న జవాబే దొరికిందని మరోచోట దాచకుండా చెప్పుకున్నాడు. స్వస్థత లేదని నేను అనడం లేదు. దేవుడు బాగుచేస్తాడని నమ్ముతాను, మీ భర్త కోసం అడుగుతూనే ఉంటాను. యాకోబు పత్రికలో ఉన్నట్టు సంఘపెద్దలు వచ్చి నూనె రాసి ప్రార్థన చేస్తే మంచిదే, చేయించుకోండి. ఆ ప్రార్థన చేసినవాళ్లే మర్నాడు ఆయనను డయాలసిస్‌కు బండి మీద తీసుకెళ్తే ఇంకా మంచిది. బాగుకాకపోతే నేరం రోగి ఇంటివాళ్లదే అనే బోధకు మాత్రం లేఖనంలో చోటు లేదు.

"నా విశ్వాసం చచ్చిపోయిందా" అన్నారు. దీనికి కాస్త ఎక్కువ చెప్పాలి.

మత్తయి సువార్త 11వ అధ్యాయం 28వ వచనం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును." మన ఇళ్లలో క్యాలెండర్ల మీద ఆ వచనాన్ని చూసి చూసి, అది ఏ అధ్యాయం చివర ఉందో మరచిపోతాం. ఆ అధ్యాయం ఒక చెరసాల కబురుతో మొదలవుతుంది. యేసుకు బాప్తిస్మమిచ్చిన యోహాను, ఆయన చెప్పుల వారు విప్పడానికి కూడా తాను తగనని చెప్పిన యోహాను, జైల్లో పడి ఉన్నాడు. అక్కడి నుంచి తన శిష్యులను పంపి, "రాబోవువాడవు నీవేనా, మేము మరియొకని కొరకు కనిపెట్టవలెనా?" అని అడిగించాడు. ఇంతకన్నా పెద్ద సందేహం ఉంటుందా? మీ ఉత్తరంలో ఉన్నదంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. యేసు అతణ్ణి కసరలేదు. జరుగుతున్న పనులు చూసి వెళ్లి చెప్పమన్నాడు. వచ్చినవాళ్లు వెళ్లిపోయాక జనం వైపు తిరిగి, స్త్రీలు కన్నవారిలో యోహానుకన్నా గొప్పవాడు పుట్టలేదన్నాడు. సందేహం అడిగిన రోజునే అంత గౌరవం ఇచ్చాడు. ఆ తర్వాతే, అదే అధ్యాయంలో, అలసినవాళ్లను రమ్మన్న పిలుపు వస్తుంది.

యోహాను జైలు నుంచి విడుదల కాలేదు. 14వ అధ్యాయంలో అతని తల తీయించారు. ఆ కబురు విన్న యేసు దోనె ఎక్కి ఏకాంత స్థలానికి వెళ్లిపోయాడని ఉంది. దుఃఖం వచ్చినప్పుడు ప్రభువు కూడా జనానికి దూరంగా వెళ్లాలనుకున్నాడు. మీరు శుక్రవారం కూడికకు వెళ్లకుండా ఇంట్లో తలుపు వేసుకుని పడుకుంటే, ఆయన చేయని పని ఏమీ చేయడం లేదు.

మీకు అందరి ముందూ చదివి వినిపించిన ఆ వాక్యం కూడా సగమే చదివారు. గెత్సెమనేలో శిష్యులు నిద్రపోయినప్పుడు, ఒక్క గడియ మేల్కొనలేరా అని అడిగిన ప్రభువే వెంటనే, "ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము" అన్నాడు. వాళ్ల తరఫున సాకు ఆయనే చెప్పాడు. మూడోసారి వచ్చి చూసినప్పుడు, "ఇక నిద్రపోయి అలసట తీర్చుకొనుడి" అన్నాడు. అదే పుస్తకం, అదే పుట. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే కుర్రాడు నిద్ర ముంచుకొచ్చి మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. పౌలు కిందికి పరుగెత్తి అతణ్ణి కౌగిలించుకున్నాడు. నిద్రపోయినందుకు మందలించినట్టు ఎక్కడా లేదు. మిమ్మల్ని లేపినామె మీద కోపం పెట్టుకోవద్దు గాని, ఆమె చేసినది వాక్యపరిచర్య అని కూడా అనుకోవద్దు.

ఏలీయా కథ మీరే ఎన్నోసార్లు స్త్రీల సమాజంలో చెప్పి ఉంటారు. కర్మెలు మీద అగ్ని దింపిన మనిషి, కొద్దిరోజులకే బదరీ చెట్టు కింద పడుకుని చావు అడిగాడు. దేవదూత వచ్చి బోధ చెయ్యలేదు. కాల్చిన రొట్టె, నీళ్లబుడ్డి పెట్టి తినమన్నాడు. తిని మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అని మళ్లీ తినమన్నాడు. మీ ప్రయాణం కూడా మీ శక్తికి మించినదే. అందుకని ముందు తిండి, నిద్ర. శుక్రవారం ఉపవాసం ఈ వారం నుంచే ఆపండి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రార్థన రావడం లేదన్నారు. రానప్పుడు వచ్చినట్టు నటించకండి. మనం ఏమని అడగాలో తెలియనప్పుడు ఆత్మే మూలుగులతో మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక 8వ అధ్యాయం చెబుతుంది. అంటే మీరు నోరు తెరవలేని రోజున మీ ఇంట్లో ప్రార్థన ఆగిపోలేదు. 88వ కీర్తన తీయండి. కీర్తనల్లో విలపించేవి చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువభాగం చివరికి ఏదో ఒక ఆశ దగ్గరికి వస్తాయి. ఇది రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని చీకట్లోనే ముగుస్తుంది. అలాంటి పాటను కూడా దేవుని ప్రజలు పరిశుద్ధ గ్రంథంలో ఉంచుకున్నారు, గుడిలో పాడుకున్నారు. చివర్లో "స్తోత్రం" చేర్చకుండా, ఉన్నది ఉన్నట్టు ఆ కీర్తన చదవండి. లేదా మీ పుట్టింట్లో తాతగారి కాలం నుంచి పాడే పాత కీర్తనల్లో ఒకటి పాడుకోండి. పర్లాకిమిడి ప్రాంతంలో పెరిగి, 19వ శతాబ్దంలో అన్నేసి కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి పాటలు మీ టెక్కలి వైపు సంఘాల్లో ఇప్పటికీ పాడతారు కదా. మన మాటలు ఎండిపోయినప్పుడు ముందు తరాల మాటలు అరువు తెచ్చుకోవచ్చు. సొంతంగా అల్లిన ప్రార్థనే నిజమైన ప్రార్థన అన్న నియమం ఎక్కడా లేదు.

ఇంకొకటి చెప్పి సంఘం సంగతికి వస్తాను. ఆ రాత్రి 108కి ఫోను చేసినందుకు మీరు ఇప్పటికీ ఎక్కడో తప్పు చేసినట్టే రాశారు. "నేను ఓర్చుకోలేకపోయాను" అన్నారు. హెబ్రీ పత్రిక 5వ అధ్యాయంలో పాలు తాగే పసివాళ్లెవరో, బలమైన ఆహారం తినే పెద్దవాళ్లెవరో చెప్పే చోట ఆత్మీయ పరిణతికి గుర్తు ఏమని ఉందో చూడండి. అభ్యాసంతో మేలు కీడులను వివేచించగలగడం. దర్శనాలనీ, కన్నీళ్లనీ, రాత్రంతా మేల్కొనడమనీ అక్కడ లేదు. అత్తగారు అడ్డుపడుతుంటే, పెద్ద ప్రసంగీకుడి మాట చెవిలో మోగుతుంటే, ఇది మేలు ఇది కీడు అని వివేచించి ఫోను తీసిన మనిషి మీరు. బెరయ పట్టణం వాళ్లు పౌలు మాటను కూడా లేఖనాలతో సరిచూసుకున్నందుకు ఘనులనిపించుకున్నారు. ఆ రాత్రి మీలో విశ్వాసం చచ్చిపోలేదు, చెల్లెమ్మా. అది ఎదిగిందని నేను నమ్ముతున్నాను. ఎదిగినప్పుడు మునుపటి పాటలు మునుపటిలా వినిపించవు, కొంతకాలం లోపల ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని చూసి భయపడకండి.

సంఘం వదిలేయాలా అన్నదానికి మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. ఏ దారికైనా చెల్లించవలసింది ఉంది.

ఉన్నచోటే ఉండి, బరువు దించుకోవడం ఒకటి. ఆరు నెలల పాటు స్త్రీల సమాజం బాధ్యత వేరొకరికి అప్పగించండి. ఆదివారం ఆరాధనకు మాత్రం వెళ్లి, వెనక వరుసలో కూర్చుని, పాడాలనిపిస్తే పాడండి. పాస్టరు గారితో విడిగా మాట్లాడండి, ఆయన భార్య కూడా ఉంటే మంచిది. ఆయన్ని నిలదీయడానికి కాదు. ఆ కూటాల్లో విన్న మాట వల్ల మీ ఇంట్లో ఏం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పండి. ఆయనకు ఆసుపత్రి తెలుసు గాని, డయాలసిస్ ఎందుకు మానేశారో తెలియకపోవచ్చు. మీ ఉత్తరంలో మీరు ఆయనకు చెప్పినట్టు ఎక్కడా లేదు. చెప్పాక ఒకటి అడగండి. వేదిక మీద నుంచి, "మన సంఘంలో ఎవరూ డయాలసిస్ గాని మందులు గాని ప్రార్థన పేరుతో ఆపవద్దు" అని ఆయన నోటితో ఒక ప్రకటన చేయమనండి. ఆ కూటాలకు మీ ఒక్క ఇంటివాళ్లే రాలేదు. ఉద్దానంలో అలాంటి కుటుంబాలు ఎన్ని ఆ మాట విని వెళ్లాయో! ఈ దారిలో కష్టం ఏమిటంటే, ఊళ్లో మాటలు పడాలి. చల్లారిపోయిందని, వెనుకబడిందని అంటారు. పాస్టరు గారు నొచ్చుకోవచ్చు, మాట దాటెయ్యవచ్చు. లాభం ఏమిటంటే, అర్ధరాత్రి ఆసుపత్రి వరండాలో తెల్లవార్లూ కూర్చునే మనుషులు మీకు దూరం కారు.

రెండోది, కొంతకాలం వేరే సంఘానికి వెళ్లడం. మీరు పుట్టి పెరిగిన తరహా పాత మిషను సంఘాలు మీ జిల్లాలో చాలాచోట్ల ఉన్నాయి. అక్కడి ఆరాధన క్రమం మీకు తెలుసు, కేకలు ఉండవు, ఏ బాధ్యతా మీ మీద పడదు. ముఖం తెలియని చోట ఏడ్చినా ఎవరూ అడగరు, అది కూడా ఒక విశ్రాంతే. కాని ఆదివారం బస్సు ప్రయాణం, ఖర్చు, ఆయనను ఇంట్లో వదలడం ఉంటాయి. అత్తగారు ఊరి మందిరం వదలరు. పాస్టరు గారితో ఏమీ మాట్లాడకుండా వెళ్తే ఆ కోపం మీ వెంటే వస్తుంది.

ఎక్కడికీ వెళ్లకుండా ఇంట్లోనే ఉండడం మూడోది. కొన్ని ఆదివారాలు అలా చేస్తే తప్పులేదు, మీ ఒంటికి అది అవసరం కావచ్చు కూడా. ఎక్కువకాలం మాత్రం నేను భయపడతాను. ఇంత అలసిపోయిన మనిషి ఒంటరిగా మిగిలితే ఆలోచనలు చీకటి వైపు నడుస్తాయి. ఆ దారి పట్టినా వారానికొకసారి మీ ఇంటికి వచ్చి కూర్చునే ఒక్క స్నేహితురాలినైనా ఉంచుకోండి. నిద్ర పట్టడం పూర్తిగా మానేసినా, బతకాలనిపించకపోయినా 14416కి ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య సేవ, తెలుగులో మాట్లాడతారు.

నా మొగ్గు మొదటి దారి వైపు. పాస్టరు గారు మీ మాట విని ఆ ప్రకటన చేస్తేనే అది నిలుస్తుంది. చేయకపోతే, లేదా అలాంటి బోధకుణ్ణే మళ్లీ పిలిస్తే, రెండో దారి పట్టండి. అది వెనుదిరగడం కాదు.

మీరు ఏది దించుకోవచ్చు, ఏది దించకూడదు అన్నది తేల్చుకోవడానికి 28వ వచనం తర్వాతి మాటలు సాయం చేస్తాయి. విశ్రాంతి ఇస్తానన్న నోటితోనే ప్రభువు, "మీమీద నా కాడి ఎత్తికొని" అన్నాడు, తన కాడి సుళువని, తన భారం తేలికని అన్నాడు. పని లేకుండా చేస్తాననలేదు. భర్తను చూసుకోవడం, పిల్లల చదువు, మీ కూలిపని మీ కాడి. రాత్రంతా జరిగే ప్రార్థనలు, ఉపవాసాల లెక్క, సమాజం పుస్తకాలు, అందరి సాక్ష్యాలకు తగ్గట్టు మీ ముఖం పెట్టుకోవడం ఇవన్నీ ఒకరి తర్వాత ఒకరు మీ భుజాన పెట్టినవి. మొయ్యలేని బరువులు జనం మీద పెట్టి తాము వేలితోనైనా కదపని వారి గురించి ప్రభువు ఎంత కటువుగా మాట్లాడాడో అదే సువార్త 23వ అధ్యాయంలో ఉంది.

మీ అబ్బాయి అడిగిన ప్రశ్న మంచిది, అతణ్ణి గద్దించకండి. తల్లిదండ్రులకు అక్కరకు రావలసిన సొమ్మును "కొర్బాను" అని దేవుని పేరు పెట్టి పక్కకు తీసేవారిని యేసు తప్పుపట్టాడు, మార్కు 7వ అధ్యాయంలో ఉంది. మీ ఇంట్లో మందులు, బస్సు చార్జీ, కాలేజీ ఫీజు అయ్యాక మిగిలినది ఉంటే ఉత్సాహంగా ఇవ్వండి, మిగలకపోతే ఇవ్వకండి. ఈ జవాబు అతనికి మీరే చెప్పండి. అమ్మ నోటి నుంచి విన్న నిజం అతణ్ణి దేవునికి దగ్గరగా ఉంచుతుంది. కమ్మలు విడిపించుకునే వీలున్నప్పుడు విడిపించుకోండి, ఆ 5,000 తిరిగి అడగాలా వద్దా అన్నది పాస్టరు గారితో మాట్లాడినప్పుడు ఆయన ముందు పెట్టండి.

అత్తగారి గురించి మీరు రాసిన నాలుగు వాక్యాల్లో కోపం ఉంది, అర్థం చేసుకోగలను. ఆవిడ అడ్డుపడింది కొడుకు చచ్చిపోతాడన్న భయంతో. ఆ భయానికి ఆ ప్రసంగీకుడు ఒక పట్టుకొమ్మ అందించాడు. ఆవిడకు పని ఇవ్వండి. రోజూ ఆయన తాగే నీళ్లు కొలిచి ఇచ్చే బాధ్యత, మంగళ, గురువారాల్లో రాత్రి ఆయన దగ్గర ఉండే బాధ్యత ఆవిడదని చెప్పండి. ఆ రెండు రాత్రులు మీరు పిల్లల గదిలో పడుకోండి. కూతురికి అప్పగించకండి, తొమ్మిదో తరగతి పిల్లకు అది పెద్ద బరువు.

ఇక మీ భర్త మాట. "ప్రశాంతంగా పోవాలని అడుగు" అన్నదాన్ని మీరు ఓటమిగా విన్నారు. ఆ మాటలో మూడు రకాల అర్థాలు ఉండవచ్చు, ఏదో తెలియకుండా జవాబు చెప్పకూడదు. ఇంటికి భారమయ్యానన్న దిగులుతో అని ఉండవచ్చు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో దిగులు చాలా మామూలు, దానికి వైద్యం ఉంది, డాక్టరుకు చెప్పాలి. చావు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడనివ్వడం లేదు కాబట్టి ఆ తలుపు తెరవమని అడిగి ఉండవచ్చు. నిజంగానే ఈ చికిత్స ఇక చాలనుకుంటూ ఉండవచ్చు. ఆ చివరిదే అయితే, అది డాక్టరుతో కలిసి తొందర లేకుండా ఆలోచించవలసిన సంగతి. కిడ్నీ మార్పిడికి ఆయన పనికొస్తారా, ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించవచ్చా అన్నది కూడా ఆ మాటల్లోనే అడగండి. ఒక ప్రసంగీకుడు సిగ్గుపరిచాడని తీసుకునే నిర్ణయం మాత్రం కాకూడదు.

స్వస్థత అడగడం, ప్రశాంతత అడగడం ఒకదానికొకటి అడ్డు రావు. ఈ గిన్నె తొలగించమని, నీ చిత్తమే జరగనీ అని ప్రభువు ఒకే రాత్రి, ఒకే నోటితో అడిగాడు. మీరూ ఆయన పక్కన కూర్చుని రెండూ అడగవచ్చు.

ఈ మాట ఎత్తడానికి డయాలసిస్ అయిన సాయంత్రం వద్దు, అప్పుడు ఆయనకు నీరసంగా ఉంటుంది. మర్నాడు ఉదయం, పిల్లలు చదువులకు వెళ్లాక, అత్తగారిని ఏదో పని మీద బయటికి పంపి అడగండి. "ప్రశాంతంగా పోవాలని అన్నారు కదా, అప్పుడు మీ మనసులో ఏముంది?" అని అడిగి, ఆయన చెప్పడం అయ్యేదాకా వాక్యం ఎత్తకుండా వినండి. మీరు విన్నది ఏదైనా, వచ్చే డయాలసిస్ రోజున డాక్టరుకు చెప్పండి.